చౌడేశ్వరి కారు కింది మరక

పాలు పోసే మనిషి వెనుదిరగ్గానే ఒక చుక్క బొటనవేలి గోటి మీద వేసుకుని, అది జారే తీరు చూడటం చౌడేశ్వరికి అలవాటు. పూలమ్మాయి మూర కొలిచి ఇస్తే, తన మోచేతికి ఆనించి ఇంకోసారి కొలుచుకుంటుంది. "పెళ్ళిచూపుల్లో కాఫీ ఇస్తూ నా చొక్కా అంచు నలిపి చూసిందండీ, నూలో టెరికాటనో తెలుసుకోడానికి," అని ఆమె భర్త ప్రతాప్ తెనాలిలో కనిపించినవాళ్ళందరికీ చెబుతుంటాడు. అది అబద్ధమని ఆమె ఏనాడూ అనలేదు.

చీరాల పక్కన పేరాలలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది చౌడేశ్వరి. తండ్రి నేసేవాడు, నూలుకు రంగులూ అద్దేవాడు. పెరట్లో దండేల మీద నూలు చిలపలు ఆరుతుంటే కిందంతా రంగుల వాన కురిసి ఆగినట్టు ఉండేది. ఆ చినుకుల మధ్య కూర్చుని ఆమె కండెలు చుట్టేది. మగ్గం మీదికి మాత్రం ఎక్కలేకపోయింది. గుంట మగ్గానికి రెండు కాళ్ళూ కావాలి. గుంటలోకి కాళ్ళు దించి, ఒకదాని తర్వాత ఒకటి చెక్కలు తొక్కాలి. పసితనంలో వచ్చిన జ్వరం ఆమె ఎడమకాలిలోని బలాన్నంతా తనతో తీసుకుపోయింది. అన్నదమ్ములు తొక్కుతుంటే ఆ చప్పుడు వింటూ పెరిగింది. ఇంట్లో అందరి కాళ్ళూ మాట్లాడేవి, ఆమె కాలొక్కటే మౌనంగా ఉండేది.

నేయలేనిది అమ్మడం నేర్చుకుంది. తెనాలికి కాపురానికి వచ్చాక పుట్టింటి నుంచి చీరలు తెచ్చి ఇళ్ళకు తీసుకెళ్ళి చూపించేది. ఆ వ్యాపారంలోనే అనుమానం ఆమెకు రెండో చూపు అయింది. మరమగ్గం చీరకు చేనేత అని చీటీ కట్టే వాళ్ళను చూసింది. పట్టు అని చెప్పిన పోగును అగ్గిపుల్లతో కాల్చి, వెంట్రుక కాలిన వాసన రాకపోతే చీర మడతపెట్టి తిరిగి ఇచ్చేసింది. రంగు పోదు అని ఎవరైనా అంటే తెల్ల గుడ్డ తడిపి రుద్ది చూసింది. ఆమె తండ్రి ఒక మాట చెప్పేవాడు: "మరకకి మధ్యలో చూడకమ్మా, అంచులో చూడు. మధ్యలో ఉండేది ఇవాళ్టి రంగు. మొదట ఏ రంగు పోశారో అంచులో తెలుస్తుంది."

చీరల మూట ఎత్తుకుని బస్సులెక్కడం ఆమెకు కుదిరే పని కాదు. కండక్టరు "తొందరగా ఎక్కమ్మా" అనేవాడు. ఆటోవాడు మూటకు వేరే బేరమాడేవాడు. అందుకని చాలా ఏళ్ళు ఆమె మరిది రమేష్ బాబు స్కూటరు మీద వెనక కూర్చుని తిరిగింది. రమేష్ బాబు పాత బండ్లూ ఇళ్ళ స్థలాలూ ఇప్పిస్తుంటాడు. అతనికి పని పడితే ఆమె వ్యాపారం ఆగిపోయేది. బాపట్లలో ఎవరింటి ముందైనా ఆమె చీరలు విప్పుతుంటే, గేటు దగ్గర హారన్ కొట్టేవాడు. "వదినా, ఇంకెంతసేపు?" ఆ హారన్‌కు కొనబోతున్న మనిషి చెయ్యి చీర మీంచి లేచిపోయేది.

క్లచ్చి లేని కారు ఉంటుందని, దానికి ఎడమకాలితో పనే లేదని తెలిసిన రోజు చౌడేశ్వరికి నిద్ర పట్టలేదు. రమేష్ బాబే వెతికాడు. బాపట్లలో ఒకాయన అమ్ముతున్న పాత ఆటోమేటిక్ కారు. "అంతా కొత్తగా చేయించా వదినా. గేర్ ఆయిల్‌తో సహా," అన్నాడు. ప్రతి నూలుపోగునూ కాల్చి చూసిన మనిషి ఆ ఒక్క రోజు ఏదీ కాల్చి చూడలేదు. తాళం చేతిలోకి తీసుకుంది, అంతే.

సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద, ఎవరూ లేని పూట, సరుగుడు చెట్ల మధ్య నడపడం నేర్చుకుంది. కుడికాలు నొక్కింది, బండి కదిలింది. ఎడమకాలు పక్కన ఊరికే కూర్చుంది, ఇంటికి వచ్చిన చుట్టంలా. సముద్రం కనబడకముందే దాని గాలి కిటికీలోంచి వచ్చి ఆమె చెంపల మీద ఉప్పు రాసింది. ఆ తర్వాత తెనాలి, బాపట్ల, రేపల్లె ఆమెకు మూడు ఊళ్ళలా ఉండేవి కావు. ఒకే ఇంట్లో మూడు గదుల్లా ఉండేవి. ఎప్పుడు బయలుదేరాలో, ఎవరింట్లో ఎంతసేపు కూర్చోవాలో ఆమే అనుకునేది. పిట్టలవానిపాలెం దగ్గర కోతలైన పొలాల మీద కొంగలు దిగుతుంటే కారాపుకుని చూసేది. హారన్ కొట్టేవాళ్ళు లేరు.

అలాంటి కారు కింద ఒక ఉదయం మరక కనిపించింది.

అరచేతి వెడల్పున, గచ్చు మీద, తడిగా. చౌడేశ్వరి కర్ర ఆనించి కిందికి వంగింది. వేలితో తాకి వాసన చూసింది. పెట్రోలు కాదు. ఇంజను ఆయిలు మసి వాసనా కాదు. లోపలికెళ్ళి తెల్ల మల్లు గుడ్డ ముక్క తెచ్చి అద్దింది. గుడ్డ మీద మరక మెల్లగా పాకింది. నడుమ కాఫీ రంగు. అంచున మాత్రం పలచగా ఎరుపు, ఆరబెట్టిన మందార రేకులా. మొదట ఎర్రటిది పోశారన్నమాట, వాడగా వాడగా నల్లబడిందన్నమాట అనుకుంది. అంతవరకు ఆమె లెక్క సరిగ్గానే ఉంది.

అదే వారం కారు వణకడం మొదలుపెట్టింది. స్పీడు బ్రేకరు దాటి మళ్ళీ కదిలేటప్పుడు, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె తడబడినట్టు, ఒక్క క్షణం.

మారీసుపేటలో నాసిర్ షెడ్డుకు తీసుకెళ్ళింది. నాసిర్ తక్కువ మాట్లాడే మనిషి, పళ్ళ సందున ఎప్పుడూ ఒక లవంగం ఉంటుంది. బానెట్టు లేపి చూసి, కారు నడుపుకుంటూ కాలువ కట్ట దాకా వెళ్ళి వచ్చాడు.

"గేర్ ఆయిల్ మార్చాలక్కా. ఎప్పుడు మార్చారు?"

"కొన్నప్పుడే కొత్తది పోయించాం."

"ఏ ఆయిల్ పోశారు?"

"ఆయిల్ ఆయిలేగా. ఏ ఆయిలేంటి?"

"అట్లా కాదక్కా. ఒక్కో గేర్ బాక్సుకి ఒక్కో ఆయిల్ ఉంటది. ఒకసారి ఆయిల్ మూత తీసి చూస్తా."

"తీయకు," అంది చౌడేశ్వరి. "కంపెనీవాళ్ళు ఆ ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదన్నారంట. మా మరిది చెప్పాడు."

"కంపెనీవాళ్ళు ఈ ఎండలో చీరల మూటలేసుకుని రేపల్లె వెళ్ళరు కదక్కా. ఈ గతుకులకి, ఆ బరువుకి, నలభై వేల కిలోమీటర్లకోసారి మార్చుకోవాల్సిందే. వణుకు మొదలైందంటే అంతవరకు కూడా ఆగకూడదు."

ఆమె అతని ముఖం వంక చూసింది. చీరల దుకాణాల్లో ఆమె ఎన్నో ముఖాలను చదివింది. అవసరం లేని జాకెట్టు గుడ్డను కొనుగోలుదారు ఒళ్ళో పెట్టేటప్పుడు అమ్మేవాడి ముఖం ఇలాగే నిమ్మళంగా ఉంటుంది. వంద ఇళ్ళలో ఆమె తన ముఖాన్నే అలా పెట్టుకుంది కూడా.

"ఆలోచించుకుని వస్తాలే."

"ఆలోచించండి. బండి మాత్రం ఆలోచించదక్కా," అని నాసిర్ లవంగం ఇంకో చెంపకు మార్చుకున్నాడు.

చీర కొనేటప్పుడు మొదటి దుకాణంలో కొనకపోవడం ఆమె పాటించే పద్ధతి. అదే చీరను రెండో దుకాణంలో, మొదటివాడు ఏం చెప్పాడో చెప్పకుండా అడగాలి. కారుకూ అదే పద్ధతి. బాపట్లలో చీరలు చూపించడానికి వెళ్ళిన రోజు జీవన్ కుమార్ షెడ్డు గురించి విని అక్కడికి వెళ్ళింది. అది షెడ్డులా లేదు. నేల మీద నాపరాళ్ళు, గోడకు ఫ్యాను, కూర్చోడానికి సోఫా. జీవన్ కుమార్ తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. కాఫీ తెప్పించాడు.

ఆ కారు బానెట్టు మొండిది. మీట లాగాక ఎడమచేత్తో ముందు కాస్త కిందికి నొక్కి, అప్పుడు పైకి లేపాలి. ఆ కిటుకు తెలియక నాసిర్ కూడా మొదటిసారి తంటాలు పడ్డాడు. జీవన్ కుమార్ ఒక్క ఊపులో లేపాడు. పనివాడంటే ఇతను అనుకుంది చౌడేశ్వరి.

"వణుకుతోందండీ. గేర్ ఆయిల్ ఏమన్నా మార్పించమంటారా?" అని అడిగింది, కావాలనే అమాయకంగా.

జీవన్ కుమార్ కంగారుగా చెయ్యి ఊపాడు. "అమ్మో, ఆ పని మాత్రం చేయకండి మేడమ్. పాత ఆయిల్‌కి లోపల పళ్ళు అలవాటు పడి ఉంటాయి. ఇప్పుడు తీశారంటే గేర్లు జారతాయి, బండి చేతులెత్తేస్తుంది. అసలు ఆ మూత ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

"ఎవర్నీ?"

"ఎవర్నీ అండి. కారే చోట బోల్టు బిగించాను. హాయిగా తిప్పుకోండి."

ఖర్చు వద్దన్న మనిషిని ఎలా అనుమానించాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆమె చదువుకున్నదంతా కొనమనే వాళ్ళను గురించే. తెనాలికి తిరిగి వస్తూ, నాసిర్ తనను ఎంత నిమ్మళంగా ముంచబోయాడో తలచుకుని తనలో తనే నవ్వుకుంది. దారి పక్కన పొలాల్లో ఎవరో చెత్త తగలబెట్టారు. పొగ రోడ్డు మీదికి వచ్చి, కారుతో కాస్త దూరం నడిచి, విడిపోయింది.

మరక ఆగింది. వణుకు ఆగలేదు. ముందు స్పీడు బ్రేకర్ల దగ్గర ఉండేది, తర్వాత వంతెనల మీదికి వచ్చింది, తర్వాత చదును రోడ్డు మీద కూడా. చౌడేశ్వరి పాటలు పెట్టుకోవడం మానేసింది. కిటికీలు ఎక్కించి, ఊపిరి బిగబట్టి, కారు కడుపులోని చప్పుళ్ళు వింటూ నడిపేది. ఎవరి మాట వినాలో తేల్చుకోలేని మనిషికి చివరకు కారు మాటే మిగిలింది. అదీ ఆమెకు అర్థం కాని భాషలో.

రేపల్లెలో బసవమ్మగారని ఒకావిడ ఉంది. నెలకో రోజు తన వసారాలో వీధి ఆడవాళ్ళందరినీ పోగుచేసి చౌడేశ్వరి చీరలు చూపిస్తుంది. ఆ నెల ఆ రోజున, భట్టిప్రోలు దాటాక, కారు గట్టిగా అరిచింది గాని ముందుకు కదల్లేదు. కాలు నొక్కినకొద్దీ అరుపు పెరిగింది, నడక తగ్గింది. పక్కనుంచి ధాన్యం ట్రాక్టరు దాటిపోయింది. దాని మీద కూర్చున్నతను వెనక్కి తిరిగి, కారుకు ఏమైందో అని కాకుండా, ఆమె ముఖం వంకే చూస్తూ వెళ్ళాడు. చెట్టు నీడన ఆపింది. వేడి చల్లారాక మళ్ళీ కదిలింది. సైకిళ్ళు దాటిపోతుంటే పాకుతూ రేపల్లె చేరింది.

వసారాలో చాపలు మాత్రం మిగిలాయి.

"అందరూ వచ్చి కూర్చుని కూర్చుని వెళ్ళారమ్మా," అంది బసవమ్మ. "ఆ కారు నీకెందుకు చెప్పు? ఇదివరకట్లా మీ మరిది బండి మీద తీసుకొచ్చేవాడు, టైముకి వచ్చేదానివి. ఇకనుంచి అట్లా రా. లేకపోతే మూట అతనికిచ్చి పంపెయ్, నువ్వెందుకు కష్టపడతావు, కాలు బాలేనిదానివి."

బసవమ్మ మంచికే అంది. ఆ మంచితనమే చౌడేశ్వరికి గుచ్చుకుంది. గేటు దగ్గరి ఆ పాత హారన్ చెవుల్లో మళ్ళీ మోగింది. ఈ కారు పోతే ఇంకోటి కొనడం ఈ జన్మలో కాదు. ఇది ఆగిందంటే తన నడక ఆగినట్టే.

తెనాలికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మర్నాడు నేరుగా నాసిర్ షెడ్డుకు వెళ్ళింది.

"మార్చు. కానీ నా కళ్ళముందు మార్చాలి. డబ్బా సీలు నేను తీస్తా. తీసిన ఆయిలు నాకు చూపించాలి."

"అట్లాగేనక్కా," అని నాసిర్ లోపల్నుంచి ఇనప కుర్చీ తెచ్చి వేశాడు. "ఇది సీబీఐవాళ్ళ కోసమే ఉంచా. కూర్చోండి."

"ఎగతాళా?"

"మీ మీద నేనేం ఎగతాళి చేస్తానక్కా. మొన్న మా ఆవిడ యాస్మిన్‌కి చీర అమ్మినప్పుడు, నేనిచ్చిన నోటు ఎండలోకి తీసుకెళ్ళి చూశారు మీరు. నేను ఏమన్నా అన్నానా?"

లిఫ్టు మీద కారు పైకి లేచింది. కింద బోల్టు తిప్పగానే నల్లటి ఆయిలు తొట్టిలోకి జారింది. మాడిన వాసన వచ్చింది, ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన గుడ్డ వాసన. చౌడేశ్వరి సంచిలోంచి మల్లు గుడ్డ తీసి ఒక చుక్క వేసింది. నడుమ ఇంకా నలుపు, అంచున మాత్రం అదే ఎరుపు. తృప్తిపడింది. తర్వాత డబ్బా సీలు తనే తీసి, ఇంకో గుడ్డ మీద కొత్త ఆయిలు చుక్క వేసింది.

లేత ఆకుపచ్చ. వరి నారు రంగు.

"ఆపు!" అని అరిచింది. కుర్చీ వెనక్కి పడింది. "ఇదేంటి? నా బండిలో ఉన్నది ఎర్రది. పోసేది పచ్చది! నన్నేమనుకుంటున్నావు నువ్వు? రంగుల ఇంట్లో పుట్టా నేను."

నాసిర్ ఆమె చేతిలోని మొదటి గుడ్డ తీసుకుని వెలుగులో పట్టుకున్నాడు. అతని ముఖం మారింది.

"ఎర్రదా? ఎర్రది పోసింది ఎవరక్కా ఇందులో?"

"మాట మార్చకు."

"మాట మార్చట్లేదక్కా. ఈ బండిలో గేర్లుండవు. లోపల రెండు చక్రాలు, వాటి మధ్య ఉక్కు బెల్టు. ఆ బెల్టు జారకుండా పట్టి ఉంచే ఆయిల్ వేరే. ఎర్రది మామూలు ఆటోమేటిక్ బండ్లకి పోస్తారు, చవగ్గా దొరుకుతుంది. ఇందులో పోస్తే బెల్టు జారుతుంది. జారి జారి అరుగుతుంది. ఆ మాడు వాసన అదే."

చౌడేశ్వరికి మరమగ్గాల షెడ్డులో మోటారు బెల్టు, అదే పట్టా, జారడం తెలుసు. పట్టా మీద పడకూడని నూనె పడితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, మగ్గం నిలబడిపోతుంది. భట్టిప్రోలు దగ్గర జరిగింది అచ్చం అదే. అయినా ఇంత చక్కగా అతికే మాటను ఆమె ఎప్పుడూ అంత త్వరగా నమ్మలేదు. తప్పు పట్టుబడ్డవాడు కథ అల్లాడేమో. ఖాళీ కడుపుతో కారు పైన వేలాడుతోంది. పచ్చది పోయనివ్వాలా? పొరపాటైతే ఇవాళే అంతా అయిపోతుంది. వద్దనాలా? వద్దంటే ఈ కారును ఇక్కణ్ణుంచి తోసుకెళ్ళాలి.

నాసిర్ చేతులు కడుక్కున్నాడు. "నమాజు వేళయిందక్కా. వెళ్ళొస్తా. ఈలోగా మీకెవరి మీద నమ్మకముంటే వాళ్ళనడగండి. వద్దంటే పొయ్యను." రెండు గుడ్డలూ ఆమె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఇది ఆమె పద్ధతే. చీరను ఎదుటి మనిషి ఒళ్ళో వదిలేసి, "మంచినీళ్ళు తాగొస్తానమ్మా, నచ్చకపోతే మడతపెట్టెయ్యండి," అని లేచి వెళ్ళడం. తిరిగి వచ్చేలోపు చీర అమ్ముడుపోయి ఉంటుంది. నిజమైన చేనేతనీ అలాగే అమ్మింది, అంత నిజం కానివీ ఒకటి రెండు అలాగే అమ్మింది. మరి నాసిర్ ఇప్పుడు వదిలి వెళ్ళింది ఏ చీర?

షెడ్డు రేకుల సందుల్లోంచి ఎండ నాణేల్లా రాలుతోంది. ఒక గుడ్డ మీద ఎరుపు, ఒక గుడ్డ మీద పచ్చ, రెండూ మెల్లగా పాకుతున్నాయి. ఆమె చాలాసేపు చూసి, ఫోను తీసి బాపట్లకు చేసింది. నాసిర్ పేరు చెప్పలేదు, కారు పైకి లేచి ఉన్న సంగతి చెప్పలేదు.

"జీవన్ కుమార్ గారూ, చీరల చౌడేశ్వరినండి. ఒక్క మాట అడుగుదామని. మా బండికి పొయ్యాల్సిన గేర్ ఆయిల్ ఏ రంగులో ఉంటదండీ?"

"ఎర్రగా ఉంటుంది మేడమ్. ఎందుకు?"

"ఏం లేదు. ఎవరో పచ్చది అంటేనూ."

"పచ్చదేంటి మేడమ్, ఎర్రదే. నేను పోసినప్పుడు శుభ్రంగా ఎర్రగా..."

ఆగిపోయాడు. ఫోనులో ఫ్యాను చప్పుడు వినిపించింది.

ఆమె గొంతు ఏమాత్రం పెంచలేదు. బేరం తెగబోతున్న క్షణంలో గొంతు పెంచకూడదని ఆమెకు తెలుసు. "అవునా, మీరే పోశారా? అందుకే బానెట్టు అంత తేలిగ్గా తీశారన్నమాట. ఎప్పుడు పోశారండీ?"

"మీ... మీ మరిదిగారు చెప్పలేదాండి? అమ్మే ముందు తెచ్చారు కదా. అసలైంది తెప్పిస్తానన్నానండీ, ఆయనే వద్దన్నారు. ఏదో ఒకటి పోసి నడిచేట్టు చెయ్యి చాలు అన్నారు. నాదేం లేదు మేడమ్."

"మరి మూత ఎవర్నీ ఎందుకు తీయనివ్వొద్దన్నారు?"

తీస్తే రంగు బయటపడుతుంది. ఆ మాట ఇద్దరూ వేర్వేరు ఊళ్ళలో ఒకేసారి అనుకున్నారు. ఆమె ఫోను పెట్టేసింది.

చిత్రంగా ఆమెకు కోపం రాలేదు. ఒళ్ళంతా ఒక చల్లదనం పాకింది. ఇన్నాళ్ళూ ఆమె చూపు తలుపు వైపే కాపలా కాసింది. ఇంట్లో కూర్చుని టిఫిను తినే మనిషి వైపు తిరగలేదు.

నాసిర్ వచ్చేసరికి కుర్చీ లేపి కూర్చుని ఉంది.

"పొయ్యి," అంది.

"ఎవరు చెప్పారక్కా?"

"పొయ్యమన్నాగా. చెప్పినవాళ్ళ పేర్లు కూడా కావాలా?"

నాసిర్ నవ్వి గొట్టం అందుకున్నాడు. పోస్తూ అన్నాడు: "ఒకసారి మారిస్తే పాతది మొత్తం రాదక్కా. సగం లోపల్నే ఉంటది. కొన్నాళ్ళు తిప్పి మళ్ళీ తీసుకురండి, ఇంకోసారి మారుద్దాం. బెల్టు ఎంత అరిగిందో నేను చెప్పలేను. బతుకుతుందనే అనుకుంటున్నా."

"మళ్ళీ మార్చాలా?" అని ఆమె కళ్ళు చిట్లించింది. ఆ చూపు గుర్తుపట్టి నాసిర్ రెండు చేతులూ పైకెత్తాడు. చౌడేశ్వరికి నవ్వొచ్చింది, ఆపుకుంది. "సరేలే. అప్పుడు కూడా ఈ కుర్చీ ఇక్కడే ఉండాలి."

మర్నాడు పొద్దున ఆమె చీరలన్నీ వెనక సీట్లో సర్దుకుంది. ఇంకో చాప పరిపించమని బసవమ్మకు ఫోను చేసింది. ఆ తర్వాత మరిదికి చేసింది. "వేమూరులో ఏదో స్థలం చూపించాలన్నావుగా. రా, నేను దింపుతా."

రమేష్ బాబు సెంటు కొట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటి, రైలు పట్టాల మీది వంతెన ఎక్కేటప్పుడు ఆమె చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. ఇన్నాళ్ళూ వణికిన చోటు. కారు పైకి లేచింది, కదలని నీళ్ళ మీద పడవలా. వంతెన కొసన ఎక్కడో లోపల ఒక చిన్న కదలిక, నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు, అంతే. అది పాత జబ్బో, కొత్త రక్తం పారుతున్న చప్పుడో ఆమెకు తెలియలేదు.

"బానే లాగుతోందే వదినా బండి," అన్నాడు రమేష్ బాబు.

"లాగుతుంది. ఎర్రది తీయించేశాగా."

రమేష్ బాబు కిటికీలోంచి బయటికి చూశాడు. కాలువలో నీళ్ళు కారుతోపాటు పరిగెత్తుతున్నాయి. ఒక లాకు దాటింది. పసుపు కళ్ళాలు దాటాయి. అప్పుడు అడిగాడు: "ఎర్రదేంటి వదినా?"

తెలియని మనిషైతే లాకు రాకముందే అడిగేవాడు. ఆమె నడుపుతూనే ఉంది. అతను సీటులో అటూ ఇటూ కదిలాడు.

"జీవన్ కుమార్ చెప్పాడా?"

"ఊఁ."

"అట్లా అవుతుందని నాకేం తెలుసు వదినా. అసలు ఆయిల్ రావడానికి టైం పడుతుందన్నాడు. మీరేమో తొందరపడుతున్నారు. మహా అయితే గుడికీ, పేరంటానికీ తిప్పుతారనుకున్నా. ఇట్లా రోజూ ఊళ్ళ మీద పడి తిరుగుతారని నేను..." అని ఆగాడు.

చౌడేశ్వరి అద్దంలో వెనక సీటు వంక చూసింది. చీరలు మడతల్లో ఒద్దికగా కూర్చుని ఉన్నాయి. ఇన్నాళ్ళకు మరకకు నిజమైన అంచు కనిపించింది. దాని రంగు ఎరుపూ కాదు, పచ్చా కాదు. అమ్మేముందు కారు కడుపులో ఏది పోసినా ఫరవాలేదు అనుకున్నాడంటే, దాన్ని నడిపే మనిషి ఎంతో దూరం పోదని అనుకున్నాడు. ఇంటిల్లిపాదీ అలాగే అనుకుని ఉంటారు. తాళం ఆమె చేతికి ఇచ్చిన రోజున చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా.

"ఎంత దూరం తిప్పుతాననుకున్నావు రమేషూ?" అని అడిగింది, మామూలుగా.

వేమూరు కనబడింది. కూడలిలో టీ బంకులు, ఆగి ఉన్న బస్సు, అరటిగెలల బండి.

"ఇక్కడే వదినా. పక్కకి ఆపండి."

ఆమె కుడికాలు బ్రేకు మీదికి వెళ్ళలేదు. కారు బస్సును ఒరుసుకోకుండా, అరటిగెలలకు తగలకుండా, కూడలి మధ్యలోంచి మెత్తగా జారిపోయింది.

"వదినా, వేమూరు దాటిపోయింది! అక్కడ నా కోసం చూస్తుంటారు."

"చూడనీ. రేపల్లె దాకా రా," అంది చౌడేశ్వరి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, చెవులు మాత్రం కారు లోపలి చప్పుడుకు అప్పగించి. "ఎంత దూరమో నువ్వు కూడా చూద్దువుగాని."

రమేష్ బాబు సీటు బెల్టు లాగి పెట్టుకున్నాడు.